మీ ప్రశ్న – అమ్మగారి జవాబు: పండుగకు ముందు నాలుగు ఆదివారాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలావరకు ఆగమన కాలం గురించే అడిగాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ పేజీలు పూర్తిగా వాటికే ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాను. పెద్ద ఉత్తరాలను కొద్దిగా కుదించాను, ఏమీ అనుకోకండి.

అమ్మగారికి వందనాలు. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఎం.బి. చర్చిలో పెరిగాను. పెళ్లయి నల్లగొండ వచ్చాను, అత్తగారి వాళ్లు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులు. ఇక్కడ క్రిస్మస్ ముందు నాలుగు వారాలు ఆగమన కాలం అంటారు. ఫాదర్ గారు ఊదా రంగు వస్త్రం వేసుకుంటారు, ఆదివారం పూజలో గ్లోరియా అనే స్తుతిపాట పాడరు, అత్తమ్మ శుక్రవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. మా పుట్టింట్లో డిసెంబరు అంటే పాటలు, సంతోషమే. ఇక్కడ పండుగ ముందు ఏదో దుఃఖంలా అనిపిస్తుంది. ఇదంతా బైబిల్లో ఉందా? మా నాన్నను అడిగితే అవి మనుషులు పెట్టుకున్న ఆచారాలు, పట్టించుకోకు అన్నాడు. – ఒక సోదరి, నల్లగొండ

అమ్మా, మీ నాన్న చెప్పిన దాంట్లో నిజం ఉంది. ఆగమన కాలం ఆచరించండి అని బైబిల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు. అయితే డిసెంబరు 25 అని కూడా లేదు కదా. రోమ్ నగరంలో క్రీ.శ. 336 నాటికి ఆ తేదీన యేసు పుట్టుకను పండుగగా చేసేవాళ్లని ఒక పాత పట్టికలో ఉంది, మనకు దొరికే మొదటి ఆధారాల్లో అదొకటి. మీ పుట్టింటి చర్చిలో ఆ రోజున పండుగ చేస్తున్నారంటే, పూర్వం విశ్వాసులు ప్రేమతో పెట్టుకున్న ఒక అలవాటును వాళ్లూ తమది చేసుకున్నట్టే. ఆగమన కాలం కూడా అలాంటిదే. ఎం.బి. అంటే మెన్నోనైట్ బ్రదరెన్. ఆ మిషనరీలు రష్యా నుంచి, అమెరికా నుంచి మన నల్లగొండ, పాలమూరు వైపు వచ్చినప్పుడు బైబిలు, పాట, ప్రార్థన తెచ్చారు గానీ వస్త్రాల రంగులు, కాలాల పట్టిక తేలేదు, ఎందుకంటే వాళ్ల సంప్రదాయంలోనే అవి లేవు. దాంట్లో తప్పేమీ లేదు. నీకు తెలియని ఒక గది నీ అత్తగారింట్లో ఉంది, తలుపు తీసి చూస్తే పోయేదేముంది?

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 5వ శతాబ్దంలో ఇప్పటి ఫ్రాన్స్‌లోని తూర్ పట్టణంలో పెర్పెటుయుస్ అనే బిషప్ ఉండేవారు. నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని ఆయన విశ్వాసులకు చెప్పారు. రోమ్‌లో తర్వాత అది నాలుగు ఆదివారాలకు స్థిరపడింది. ఇటలీలోని మిలాన్ ఆచారంలో ఇప్పటికీ ఆరు వారాలు. కేరళ సిరియన్ క్రైస్తవులు డిసెంబరు 1 నుంచి పండుగ దాకా 25 రోజుల ఉపవాసం ఉంటారు, మీ ఊరి హాస్పిటల్లోనో కాన్వెంటులోనో మలయాళీ సిస్టర్లు ఉంటే అడుగు, ఆ రోజుల్లో మాంసం, చేప ముట్టని ఇళ్లు ఎన్నో ఉన్నాయని చెబుతారు. కాబట్టి మీ అత్తమ్మ ఒక్కపొద్దు ఆమె సొంతంగా కనిపెట్టింది కాదు, పదిహేను వందల ఏళ్ల దారి అది.

ఇక అర్థం. అద్వెంతుస్ అనే లాటిన్ మాటకు రావడం అని అర్థం. చక్రవర్తో పెద్ద అధికారో పట్టణానికి వచ్చే సందర్భానికి రోమన్లు ఆ మాట వాడేవాళ్లు. పెద్దమనిషి వస్తున్నాడంటే దారి బాగుచేస్తారు, మన దగ్గర మంత్రి వస్తున్నాడంటే ఏళ్ల తరబడి ఉన్న గుంతలు ఒక్క రాత్రిలో పూడతాయి చూడు, అలా. "ఎడారిలో మా దేవుని రాజమార్గము సరాళము చేయుడి" అని యెషయా 40లో చదివేది ఈ రోజుల్లోనే. మన తెలుగు బైబిల్లో దానికి చక్కని మాట ఉంది, రాకడ. మీ పుట్టింటి చర్చిలో రాకడ అనగానే రెండవ రాకడే గుర్తొస్తుంది, అవునా? ఆగమన కాలం మొదటి ఆదివారం సువిశేష పఠనం విను. పశువుల తొట్టి ఉండదు, బాలయేసు ఉండడు. మెలకువగా ఉండండి, ఇంటి యజమాని ఎప్పుడు వస్తాడో తెలియదు అనే మాటలుంటాయి. రెండో, మూడో ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి. మరియమ్మ, యోసేపు ముందుకు వచ్చేది నాలుగో ఆదివారమే. అంటే మీ నాన్న చర్చిలో ఏడాదంతా ప్రసంగించే రాకడ సందేశాన్ని మీ అత్తగారి చర్చి ఏడాదికొకసారి ప్రత్యేకంగా నాలుగు వారాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. ఇద్దరూ ఒక్కరి కోసమే ఎదురుచూస్తున్నారమ్మా. 12వ శతాబ్దంలో క్లేర్వో మఠానికి చెందిన బెర్నార్డు అనే సన్యాసి మూడు రాకడలు అని చెప్పారు. బేత్లెహేములో శరీరధారిగా వచ్చినది ఒకటి, చివర మహిమతో వచ్చేది ఒకటి, ఆ రెండిటి మధ్య ఇవాళ నీ మనసులోకి ఎవరికీ కనబడకుండా వచ్చేది ఒకటి. నాకు ఈ మధ్యది చాలా ఇష్టం.

గ్లోరియా పాడకపోవడం దుఃఖం వల్ల కాదు. ఆ పాట మొదటి మాటలు ఎవరివి? గొర్రెల కాపరులకు కనబడిన దూతలవి, లూకా 2లో ఉంది. ఆ రాత్రి పాడాల్సిన పాటను ఆ రాత్రి కోసమే దాచి ఉంచుతారు. నాలుగు వారాలు నోట్లో ఆపుకున్న పాట క్రిస్మస్ రాత్రి పూజలో గంటల మధ్య ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో ఈసారి చూసి నాకు రాయి.

ఇంకొక మాట. మన బైబిల్లో కనిపెట్టు అనే క్రియ ఉంది. ఇప్పుడు ఆ మాటంటే కొత్త యంత్రం కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం. కీర్తనలు 27 చివర చూడు, "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంటుంది. అక్కడ కనిపెట్టడం అంటే కన్ను ఆనించి ఉండటం, దారి వైపు చూపు తిప్పకుండా ఉండటం. ఎదురుచూపు అనే మాట కంటే నాకు ఇదే దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే నేను దాన్ని మా ఇంట్లోనే చూశాను. మాది మక్తల్ వైపు. మా నాయన మేస్త్రీ దగ్గర ముందుగా పైసలు తీసుకుని దూరదేశం ప్రాజెక్టుల మట్టిపనికి పోయేవాడు, మా ఊర్లో సగం మంది అంతే, పాలమూరు కూలీలంటే తెలియనిదెవరికి. క్రిస్మస్‌కు వస్తానని కార్డు రాయించేవాడు. ఏ రోజు వస్తాడో ఉండదు. ఇక అప్పటి నుంచి మా అవ్వ ఒక్కచోట కూర్చునేది కాదు. గోడలకు సున్నం కొట్టేది, ఎర్రమట్టితో అలికేది, చినిగిన బొంత కుట్టేది. మేం రోజూ తినేది జొన్నరొట్టె, పండుగకని చిన్న కుండలో బియ్యం పోసి మూతికి గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెట్టేది. రాత్రి కుక్క మొరిగితే దీపం పట్టుకుని వాకిట్లోకి పోయేది. ఒక ఏడు పండుగ దాటిపోయినా నాయన రాలేదు. మేం ఏడ్చాం, అయినా అవ్వ ఆ వాసెన విప్పలేదు. 28వ తేదీ పొద్దుగూకినంక వచ్చాడు. ఆ రాత్రి వండిన అన్నం వాసన నాకు ఈ వయసులో కూడా తెలుస్తుంది.

మీ అత్తమ్మ ఒక్కపొద్దు కూడా ఆ వాసెన లాంటిదే అనుకో. ఒక శుక్రవారం ఆమెతో పాటు ఉండి చూడు. డిసెంబరు చివరి వారం మీ ఆయన్ని తీసుకుని పుట్టింటికి పోయి ఆ పాటలూ పాడు. మీ నాన్నతో వాదన పెట్టుకోకు, యాకోబు పత్రిక 5వ అధ్యాయం 7వ వచనం చదివి వినిపించు చాలు.

ఆగమన కాలంలో ఊదా రంగు ఎందుకు? మధ్యలో ఒక ఆదివారం గులాబీ రంగు ఎందుకు? ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తుల సంగతి కూడా చెప్పండి, మా సండే స్కూల్ పిల్లలు అడుగుతున్నారు. – టీచర్, మిర్యాలగూడ

ఊదా రంగు పశ్చాత్తాపానికి, అలాగే రాజుకు గుర్తు. మూడో ఆదివారం సంతోషించండి అనే పౌలు మాటతో మొదలవుతుంది, సగం దారి దాటాం కాబట్టి రంగు కొంచెం తేలిక చేస్తారు, గులాబీ అందుకే. కొవ్వొత్తుల కథ పిల్లలకు బాగా నచ్చుతుంది. జర్మనీలో హాంబర్గ్ పట్టణంలో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే ప్రొటెస్టెంట్ సేవకుడు పేద పిల్లలకు ఒక ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ అడుగుతుంటే 1839లో ఆయన ఒక బండి చక్రం తీసుకుని దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మామూలు రోజులకు చిన్న ఎర్రవి పెట్టి రోజుకొకటి వెలిగించారు. అంటే ఇప్పుడు ఆర్.సి.ఎం. గుళ్లలో కనబడే ఈ అలవాటు ప్రొటెస్టెంట్ల దగ్గర పుట్టింది. అక్కడ మంచులో కూడా పచ్చగా ఉండే కొమ్మలు వాడతారు, మీరు మామిడి కొమ్మలు, వేప రెమ్మలు వాడండి. ప్లాస్టిక్ ఆకు కొనకండి దయచేసి. మొదటి ఆదివారం ఏదో కూడా పిల్లలకు లెక్క నేర్పండి: నవంబరు 30కి దగ్గరగా ఉన్న ఆదివారం. అది నవంబరు 27కు ముందు రాదు, డిసెంబరు 3 దాటదు. అందుకే ఈ కాలం ఒక్కోసారి 28 రోజులుంటుంది, ఒక్కోసారి 22 రోజులే, 2023లో నాలుగో ఆదివారమే డిసెంబరు 24 అయింది. చర్చి సంవత్సరానికి కొత్త సంవత్సరం కూడా ఆ మొదటి ఆదివారమే.

అమ్మగారూ, నేను డిగ్రీ చదువుతున్నాను, చర్చి యూత్‌లో కీబోర్డు వాయిస్తాను. మా దగ్గర డిసెంబరు మొదలైతే రోజుకొక సెమీ క్రిస్మస్. స్కూళ్లలో, ఆఫీసుల్లో, కాలనీల్లో, నాయకులు పెట్టించేవి. పోయినేడు 19 ప్రోగ్రాములు వాయించాను, 19 కేకులు కట్ చేశాం. 25 నాడు ఆరాధనలో నాకు నిద్ర వచ్చింది. లోపల ఏమీ అనిపించలేదు. నాకు భయమేసింది. సెమీ క్రిస్మస్ తప్పా? – సూర్యాపేట

బాబూ, నీకు భయమేసింది చూడు, అది మంచి గుర్తు. నువ్వు ఇంకా బతికే ఉన్నావు లోపల.

సెమీ క్రిస్మస్ పాపం అని నేను చెప్పను. మన ఊళ్లలో హిందూ, ముస్లిం స్నేహితులు వచ్చి కూర్చుని యేసు పుట్టుక గురించి వినేది అక్కడే, ఆఫీసులో అందరూ కలిసి ఒక పూట సంతోషంగా ఉండేది అక్కడే. ఒకటి రెండు అయితే నేనూ పోతాను. కానీ 19 అంటే పండుగను ముందుగానే కొద్దికొద్దిగా తినేయడం. పైన మా అవ్వ కుండ సంగతి రాశాను చదువు. ఆ వాసెన రోజూ విప్పి గుప్పెడు గుప్పెడు వండుకుని ఉంటే నాయన వచ్చేనాటికి ఏం మిగిలేది? ఆకలి లేనివాడి ముందు ఎంత మంచి భోజనం పెట్టినా నిద్రే వస్తుంది.

ఈ నాలుగు వారాల్లో మధ్య రెండు ఆదివారాలు బాప్తిస్మమిచ్చు యోహానువి అని చెప్పాను కదా, ఆయన మాట నీకు సూటిగా పనికొస్తుంది. జనం ఆయన దగ్గరికి వచ్చి మేమేమి చేయాలి అని అడిగారు. లూకా 3లో ఆ జవాబులు ఎంత మామూలుగా ఉన్నాయో చూడు. అడవికి రండి, మిడతలు తినండి అనలేదు. "రెండు అంగీలుగలవాడు ఏమియు లేనివానికియ్యవలెను" అన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులతో ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో బెదిరించి గుంజుకోవద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. మెస్సీయ రాకడకు సిద్ధపడటం అంటే ఆయన దృష్టిలో ఇదీ. కేకు దగ్గర స్టేజీ మీద నిలబడే పెద్దమనుషులందరికీ ఈ భాగం చదివి వినిపించాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

నువ్వు ఏం చేయాలో అడిగావు కాబట్టి చెబుతాను, చేయగలిగినంత చేయి. మొదటి రెండు వారాలు ఏ ప్రోగ్రామూ ఒప్పుకోకు. సాయంత్రాలు ఆ సమయంలో కీబోర్డు మూసిపెట్టి లూకా మొదటి రెండు అధ్యాయాలు నెమ్మదిగా చదువు. ఆ యోహాను తండ్రి జెకర్యా దూత మాట నమ్మలేక మూగవాడై నెలల తరబడి మాట లేకుండా ఉన్నాడు, ఆ మౌనం పోయాక ఆయన నోట వచ్చిన పాట ఎంత గొప్పదో చూడు. పాటలు పాడేవాళ్లకు ఆ మౌనం అవసరం. మరియమ్మ పాట కూడా చదువు, ఆకలిగొన్నవారిని మంచి పదార్థాలతో తృప్తిపరిచి ధనవంతులను వట్టిచేతులతో పంపాడని పాడింది ఆ పల్లెటూరి పిల్ల. తర్వాత మీ యూత్ కమిటీలో కూర్చుని మాట్లాడు. కేకులకు, సౌండ్ బాక్సులకు వసూలు చేసే డబ్బులో ఎంతో కొంత తీసి పెట్టండి. ఊరి బయట ఇటుక బట్టీలు ఉంటాయి, ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చి ఆ రేకుల గుడిసెల్లో చలికి వణుకుతూ ఉంటారు, పిల్లలకు బడి ఉండదు. అక్కడికి దుప్పట్లు తీసుకుని పొండి. ఫ్లెక్సీ వద్దు, ఫొటో వద్దు. పాలమూరు కూలీల బిడ్డగా నేను ఈ మాట అడుగుతున్నాను, మా నాయన ఏ దేశంలోనో అలాంటి గుడిసెలో పండుగ రాత్రులు గడిపాడు, ఎవరన్నా ఒక దుప్పటి ఇచ్చారో లేదో నాకు తెలియదు.

క్యారల్స్‌కు ఇంటింటికీ పోయేటప్పుడు మంచం పట్టినవాళ్ల ఇంటికి ముందు పోండి. అక్కడ ఒక్క పాట, డప్పులు లేకుండా.

మా పిల్లలు యూట్యూబ్‌లో రాకడ ఫలానా తేదీన అని ఒక వీడియో చూసి రాత్రి నిద్రపోవడం లేదు. పెద్దవాడు పరీక్షలకు ఎందుకు చదవాలి అంటున్నాడు. మాకూ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, కల్వకుర్తి

ఫోన్ తీసి పక్కన పెట్టి మత్తయి 24:36 పిల్లలతోనే బిగ్గరగా చదివించండి. ఆ దినము, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు, దూతలకు కూడా తెలియదు అని యేసే చెప్పాడు. ఆయనే తెలియదన్న తేదీ వీడియో పెట్టినవాడికి ఎలా తెలుస్తుంది? ఇది కొత్త కాదు కూడా. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి లెక్కలు నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు, కొందరైతే పొలంలో పంట కూడా కోయలేదు. ఆ రోజు గడిచిపోయింది. ఎంతమంది విశ్వాసం విరిగిపోయిందో.

రాకడ భయపెట్టే మాట కాదండీ. యేసు అదే సందర్భంలో "మీ తలలెత్తికొనుడి, మీ విడుదల సమీపించుచున్నది" అన్నాడు. భయపడినవాడు తల వంచుకుంటాడు, తలెత్తమంటున్నాడు ఆయన. మీ పెద్దవాడికి చెప్పండి, మెలకువగా ఉన్న పనివాడంటే యజమాని వచ్చేటప్పటికి తన పనిలో ఉన్నవాడు. వాడి పని ఇప్పుడు లెక్కలు, సైన్సు. పడుకునే ముందు పిల్లల దగ్గర కూర్చుని వచ్చేవాడు మనల్ని ప్రేమించినవాడే అని చెప్పండి, నిద్రపోతారు.

మా ఆయన ఆగస్టులో పోయారు. ఏడాది తిరగలేదు కాబట్టి ఇంటికి స్టార్ కట్టకూడదు, పండుగ లేదు అని మా వాళ్లంటున్నారు. ఏడో తరగతి చదివే మా పాప స్టార్ కడదామని ఏడుస్తుంది. ఆయనే కట్టేవారు ప్రతి ఏడూ. నాకు చర్చిలో ఆ పాటలు వింటే ఊపిరాడదు. అందరూ సంతోషించండి అంటారు. నాకు రాదు. – మహబూబ్‌నగర్

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

రానిదాన్ని తెచ్చిపెట్టుకోవద్దు. ఆగమన కాలం గురించి అందరూ అడుగుతున్నారు గానీ, నాకు తెలిసి ఈ కాలం అందరికంటే ముందు మీలాంటివాళ్లదే. ఏడాదిలో రాత్రులు బాగా పొడవుగా ఉండే రోజులివి, డిసెంబరు 21, 22 తేదీల దాకా చీకటి పెరుగుతూనే పోతుంది, ఆ చీకట్లో చర్చి ఒక్కో దీపమే వెలిగిస్తుంది. మొదటి ఆదివారం ఒక్కటే. మిగిలిన మూడు వెలగకుండా అలాగే ఉంటాయి. ఎవరూ వాటిని తొందరపెట్టరు. "చీకటిలో నడుచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు" అని యెషయా రాసింది చీకటిలో ఉన్నవాళ్లకే కదా. అదే పుస్తకం 40వ అధ్యాయం మొదటి మాట "నా జనులను ఓదార్చుడి". సంతోషించండి అని అనడానికి ముందు దేవుడు ఓదార్చమన్నాడు. ఆ వరుస మనవాళ్లు మరిచిపోతారు.

దేవాలయంలో బాలయేసును చూసినవాళ్లలో అన్న అనే ముసలమ్మ ఉంది, లూకా 2లో. పెళ్లయి ఏడేళ్లు మాత్రమే భర్తతో ఉంది. తర్వాత జీవితమంతా ఒంటరి. రాత్రింబగళ్లు ఉపవాసాలతో, ప్రార్థనలతో దేవాలయంలోనే ఉండిపోయింది. ఆమె దుఃఖం పోయిందని లూకా రాయలేదు. ఆ ఘడియకు ఆమె అక్కడ ఉంది, చూసింది, అందరికీ చెప్పింది, అంతే రాశాడు. మీకు పాట రాకపోతే పాడకండి. వెనక వరుసలో కూర్చోండి. ఊపిరాడకపోతే లేచి బయటికి రండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇంటికి వచ్చి కీర్తన 130 చదవండి, అగాధ స్థలాల్లో నుండి మొదలయ్యేది. అది కూడా పాటే.

ఏడాది తిరిగేదాకా పండుగ వద్దు అన్నది మన చుట్టూ ఉన్న మర్యాద. పెద్దవాళ్లు పోయిన మనిషి మీద గౌరవంతోనే అంటారు, వాళ్లను తప్పుపట్టను. బట్టలు కొనొద్దు, పిండివంటలు చేయొద్దు, సరే. కానీ స్టార్ పండుగ వేషం కాదు. అది దారి తెలియని రాత్రిలో నడిచినవాళ్లకు కనబడిన గుర్తు. తండ్రి పోయిన పిల్ల ఆ గుర్తును ఇంటి మీద కట్టమంటోంది, ఆ కోరిక ఆపకండి. నేనైతే ఇలా చేస్తాను. ఇప్పుడే కట్టను. నాలుగో ఆదివారం సాయంత్రం పాపతో కలిసి పాత స్టారే తీస్తాను, ఆయన చేత్తో కట్టిన దారాలు, వైరు ఎలా ఉన్నాయో అలాగే. నిచ్చెన మీదికి పాప మేనమామనో పక్కింటి అన్ననో ఎక్కమంటాను. పాపను స్విచ్ వేయమంటాను. మైకు, పాట ఏమీ పెట్టను. ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసుకుంటాను. ఏడుపొస్తే ఏడుస్తాను. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు, దుఃఖపడవద్దని రాయలేదు. ఆ మాట కూడా రాకడ గురించి చెబుతూ రాసిందే, అక్కడ పోయినవాళ్లను ప్రభువు తనతో వెంటబెట్టుకుని వస్తాడని ఉంది.

మీ బంధువులెవరైనా ఏమన్నా అంటే ఈ పేజీ చూపించండి. మీ అడ్రస్ విడిగా పంపండి, మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు వచ్చి కలుస్తాను.

అమ్మగారూ, నేను రైతును. నాగార్జునసాగర్ ఆయకట్టు కింద నాలుగెకరాలు వరి. కోసి వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి పద్దెనిమిది రోజులైంది. తేమ 17 శాతం లోపు రావాలని రోజూ ఆరబోస్తున్నం, మబ్బు పట్టిందంటే పరదాలు కప్పుతున్నం. రాత్రి కుప్ప దగ్గరే పడుకుంటున్న. రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. మా పాస్టరు గారు ఆగమన ఆదివారాలు తప్పకుండా రావాలి, సిద్ధపడాలి అన్నరు. నాకు సిద్ధపడే టైమ్ ఎక్కడిది? మనసులో గిల్టీగా ఉంది. – ఒక సోదరుడు, హాలియా దగ్గర

తమ్ముడూ, నీ ఉత్తరం వచ్చేనాటికి నీ వడ్లు తూకం అయి ఉండాలని ప్రార్థన చేశాను. అచ్చయ్యేలోగా అయ్యాయో లేదో ఒక మెసేజ్ పెట్టు.

నువ్వు ఆగమన కాలం బయట ఉన్నాననుకుంటున్నావు. కాదు, నడిమధ్యలో ఉన్నావు. పైన నల్లగొండ చెల్లెలికి యాకోబు 5:7 చదవమని చెప్పాను, అది ఇదే: "వ్యవసాయకుడు తొలకరి వర్షమును కడవరి వర్షమును సమకూడు వరకు విలువైన భూఫలము నిమిత్తము ఓపికతో కాచుకొనుచు దానికొరకు కనిపెట్టును గదా." ప్రభువు రాకడ కోసం ఎలా ఉండాలో చెప్పడానికి యాకోబుకు రైతే దొరికాడు. మబ్బు చూస్తూ, గాలి వాసన పట్టి, పరదా కొస పట్టుకుని అర్ధరాత్రి లేచేవాడికి కనిపెట్టడం అంటే ఏమిటో ఎవరూ ప్రసంగం చేసి చెప్పనక్కర్లేదు. కీర్తన 130లో కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని ఉంటుంది. ఎనిమిది వచనాల కీర్తన, ఫోన్ వెలుగులో చదువుకోవచ్చు. బేత్లెహేము కబురు మొదట ఎవరికి తెలిసింది? పొలంలో ఉండి రాత్రివేళ మందను కాచుకుంటున్నవాళ్లకు. ఆ రాత్రి వాళ్లు కూడా ఆరాధన తప్పినవాళ్లే.

అట్లాగని చర్చి అక్కర్లేదు అనడం లేదు. ఒక్కడివే ఉండి ఉండి మనసు ఎండిపోతుంది, కోపం పెరుగుతుంది, ధర మీద, దళారుల మీద, పక్క కుప్పవాడి మీద. వరుస దాటి తూకం వేయించుకోవడానికి ఎవరికో వంద ఇవ్వాలనిపిస్తుంది. యోహాను సుంకరులకు చెప్పిన మాట అక్కడ గుర్తు తెచ్చుకో. నీ పక్కన ముసలాయన కుప్ప ఉంటే వాన మబ్బుకు ఆయన పరదా కూడా లాగు. ఈ నాలుగు వారాల్లో నీ సిద్ధపాటు అదే.

ఇక గిల్టీ సంగతి. మీ పాస్టరు గారికి ఫోన్ చెయ్యి, అయ్యగారూ నేను రాలేను, వడ్ల దగ్గర ఉన్నాను అని చెప్పు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆయన్నే కొనుగోలు కేంద్రం దగ్గరికి రమ్మను, బైబిలు, ఒక కొవ్వొత్తి తెమ్మను. అక్కడ నీలాంటి క్రైస్తవ రైతులు, హమాలీలు ఇంకో నలుగురైనా ఉంటారు. చాయ్ నువ్వు పెట్టు. ఆయన వస్తారు, నాకు తెలుసు. వచ్చేటప్పుడు స్వెట్టర్ వేసుకుని రమ్మని చెప్పు, కాలువ పక్కన రాత్రి చలి బాగా ఉంటుంది.